దొరగారి ఖాళీ కుర్చీ

దుబాయ్ వెళ్ళొచ్చిన ఆడదాన్ని మా కోనసీమలో అందరూ రెండే అడుగుతారు. ఏం తెచ్చావు, ఎంత ఏడ్చావు. నేను ఆ రెండింటికీ జవాబు చెప్పను. "ఒక స్కాట్లండ్ దొరగారికి కోలాటం నేర్పి వచ్చాను" అంటాను. అడిగినవాళ్ళు నన్ను వదిలేసి మా చెల్లెలి మొహం చూస్తారు, దీనికి బుర్ర సరిగ్గా ఉందా లేదా అని. ఉందమ్మా, నిక్షేపంలా ఉంది. మీలో రేపో మాపో విమానం ఎక్కబోయే అమ్మాయిలు కాస్త ఇటు జరిగి కూర్చోండి. ఏజెంటు చెప్పని సంగతి ఒకటి చెబుతాను.

నేను పనిచేసింది అబుదాబీలో. అబుదాబీ అయినా షార్జా అయినా మనకు అన్నీ దుబాయే కదా. నా వయసంతా అరబ్బుల ఇళ్ళలోనే గడిచింది. వాళ్ళ పిల్లల్ని ఎత్తుకుని తిప్పాను, ముసలమ్మలకు కాళ్ళు పట్టాను, పండగలకు పెద్ద పెద్ద దేగిశాల్లో అన్నాలు వండాను. చివరికి కలలు కూడా అరబీలోనే వచ్చేవి. ఆ కలల్లోనూ ఎవరో ఒకరు ఉల్లిపాయలు తరగమని కేకలేస్తూనే ఉండేవారు. కరోనా తగ్గిన మరుసటి ఏడాది, నేను చూసుకుంటున్న ముసలమ్మ కన్నుమూసింది. ఆ ఇంట్లో నాతో పని తీరిపోయింది. ఇక చాల్లే అనుకుని షార్జాలోని రోలా పేటలో మన ఊరి ఆడవాళ్ళ గదిలో పెట్టె సర్దుకుంటున్నాను. అప్పుడు వచ్చాడు మా కడప తమ్ముడు. తమ్ముడంటే రక్తసంబంధం కాదు. అబుదాబీలో ఒక విల్లాకు డ్రైవరు, మంచి ముస్లిం కుర్రాడు, నన్ను మొదటిసారి చూసినప్పుడే అక్కా అని పిలిచాడు, అంతే.

"అక్కా, మా విల్లాలో ఒక ముసలాయన ఉండాడు. స్కాట్లండ్ దొర. మిలిటరీలో పెద్ద ఆఫీసరంట. తుంటెముక ఇరిగి ఆపరేషన్ అయింది. ఆయప్పను చూసుకునేదానికి ఎవరూ నిలబడ్డం లేదు. మొన్న వచ్చినామె ఖలాస్ అని చెప్పి పాయె."

"ఏం, కొడతాడేంట్రా?"

"ఛ, కొట్టడు. తెల్లారితే పెరేడ్. అన్నం తినేదానికి గూడా పెరేడే. ఇంకోటి, అరబీ వచ్చిన మనిషే కావాలంటాడు."

తెల్లదొరకు అరబీ ఎందుకు? నాకున్న పెద్ద జబ్బు ఇదే, తెలియని సంగతి కనిపిస్తే ఆగలేను. పెట్టె మూసి అతని కారెక్కాను.

మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో విల్లా. దొరగారు కిటికీ పక్కన చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఎనభై దాటిన మనిషి. గుమ్మం దాటలేని కాళ్ళకు బూట్లు మాత్రం తళతళా మెరుస్తున్నాయి. నన్ను పైనుంచి కిందికి చూసి అరబీలో అడిగారు, "నీ దళం ఏది?"

"వంటగది" అన్నాను.

ఆయన మీసాలు కదిలాయి. నవ్వారని తర్వాత తెలిసింది. నవ్వినా కోప్పడినా ఆ మీసాలు ఒకేలా కదిలేవి.

మా ఇద్దరి మధ్యా భాష అరబీయే. నాది వంటగదిలో పుట్టిన అరబీ, అందులో గిన్నెలూ మసాలాలూ తిట్లూ తప్ప ఇంకేమీ లేవు. ఆయనది ఎడారిలో సిపాయిల దగ్గర నేర్చుకున్నది. ఈ దేశం ఇంకా దేశం కాకముందు, రోడ్లూ మేడలూ ఏమీ లేని రోజుల్లో, కుర్ర లెఫ్టినెంటుగా ఇక్కడి ఎడారి దళంలో పనిచేశారట. ఆయన మాట్లాడితే అరబ్బు కుర్రాళ్ళు పకపకా నవ్వేవారు, మా తాత మాట్లాడినట్టే ఉందని. మా గోదావరి భాషలో మాటకు ముందూ వెనకా 'అండి' లేనిదే గొంతు పెగలదు. అరబీలో 'అండి' లేదు. అందుకని దాన్ని నా గొంతులోనే కలిపేసేదాన్ని.

దొరగారూ అని పిలిస్తే దాని అర్థమేమిటని అడిగారు. మా వైపు తెల్లవాళ్ళనూ జమీందార్లనూ అలా పిలిచేవారండీ అన్నాను.

"గౌరవమా, వెక్కిరింపా?"

"పిలిచే గొంతును బట్టి ఉంటుందండి."

"నీ గొంతులో ఏముంది?"

"ఇంకా రెండు రోజులేగా అయింది, ఏమీ తేల్చుకోలేదండి" అన్నాను. మీసాలు మళ్ళీ కదిలాయి.

నేను వెల్లుల్లి ఒలుస్తుంటే ఎదురుగా కూర్చుని ఆయన తన కథ చెప్పేవారు. పుట్టింది రాతికోటలో. కోట అనగానే నేను బంగారు సింహాసనాలు ఊహించుకున్నాను. అబ్బే, పైకప్పంతా చిల్లులేనట. వాన వస్తే బయట కంటే లోపలే ఎక్కువ కురిసేదట, భోజనాల బల్ల చుట్టూ బకెట్లు పెట్టుకుని తినేవారట. తండ్రి పిల్లలతో కంటే వేటకుక్కలతోనే ఎక్కువ మాట్లాడేవాడట. పెద్దకొడుక్కి కోటా బిరుదూ, రెండోకొడుక్కి సైన్యం, అదీ వాళ్ళ ఇంటి ఆచారం. ఈయన రెండోవాడు. ఎడారి తర్వాత ఎన్నో దేశాలు తిరిగి కల్నల్ అయ్యారు. అన్నగారు పిల్లల్లేకుండా పోవడంతో కోటా బిరుదూ వచ్చి ఈయన నెత్తిన పడ్డాయి. సైన్యం వదిలేసి పైకప్పు బాగుచేయించడానికి వెళ్ళారు.

"ఎన్నో చోట్ల పోరాడాను. నన్ను ఓడించింది ఆ పైకప్పు ఒక్కటే" అనేవారు.

భార్య పోయాక కోటను కొడుక్కి అప్పగించి, అబుదాబీలో ఉద్యోగం చేసే కూతురిని, అంటే మా మేడమ్‌గారిని, చూడటానికి వచ్చారు. వచ్చినవారు స్నానాలగదిలో జారిపడ్డారు. ఇదీ వరస.

ఆయనతో నాకు రోజూ యుద్ధమే. గంజిలాంటి ఓట్స్ జావలో ఉప్పేసుకుని తింటారు, పంచదార వేస్తే ఒళ్ళు మండుతుంది. తువ్వాలు మడత వంకరగా ఉంటే విప్పి మళ్ళీ మడవమంటారు. ఒకరోజు ఒళ్ళు మండి అదే తువ్వాలు ఆయన ఒళ్ళో పడేసి, "మీకు చేతులు బానే ఉన్నాయి కదండీ" అన్నాను. ఆయన తీసుకుని మడిచారు. నాకంటే బాగా మడిచారు. అది చూసి నాకు ఇంకా కోపం వచ్చింది.

అసలు చిక్కు కాలితో. వ్యాయామం చేయించడానికి ఒక మలయాళీ అమ్మాయి వచ్చేది, ఫిజియోథెరపిస్టు. పనిమంతురాలు, ఓపిక కూడా ఎక్కువ. వన్, టూ, త్రీ అని లెక్కపెడుతుంటే ఈయన కళ్ళు మూసుకుని నిద్ర నటించేవారు. ఒకరోజు గుమ్మం దగ్గర నన్ను ఆపి చెప్పింది.

"దీదీ, ఎముక బాగా అతుక్కుంది. కాల్లో బలం ఉంది. పడతానేమోనన్న భయం బయటికి చెప్పుకోలేక మొండికేస్తున్నారు. వాకర్ మీద నుంచి రెండు చేతులూ తీయించగలిగితే చాలు. ఈ కాలి మీద బరువు ఆ కాలి మీదికి మార్చడం వస్తే నిలబడిపోతారు. ఎలా తీయించాలో మాత్రం నాకు తోచడం లేదు."

నాకూ తోచలేదు. అలాంటి రోజుల్లో వచ్చారు ఆ ముసలి అరబ్బు.

అరబ్బులు వేసుకునే పాదాలదాకా చొక్కా, తెల్లటి కందూరా, చేతిలో సన్నటి వెదురుకర్ర, మోకాళ్ళ నొప్పితో కొంచెం కుంటుతూ నడిచే పెద్దాయన. ఒకప్పుడు దొరగారి దళంలో సిపాయి. ఇద్దరూ అక్కడి మగవాళ్ళు పలకరించుకునే తీరులో ముక్కూ ముక్కూ ఆనించుకుని చాలాసేపు అలాగే ఉండిపోయారు. నేను కహ్వా, అదే అరబ్బుల కాఫీ, కాచి ఇచ్చాను. వెళ్ళేముందు ఆయన అన్న మాట వంటగదిలోకి వినిపించింది.

"చలికాలంలో నా మనవడి పెళ్ళి. అయ్యాలా ఉంటుంది. వరసలో నా పక్కన నీ చోటు ఉంటుంది."

అయ్యాలా అంటే అక్కడి పెళ్ళిళ్ళలో మగవాళ్ళు చేసే నృత్యం. రెండు వరసలుగా ఎదురెదురుగా నిలబడి, చేతిలో సన్నటి వెదురుకర్రలు పట్టుకుని, డప్పులకు తగ్గట్టు ఊగుతూ పాడతారు. అంతవరకే నాకు తెలుసు. అన్నేళ్ళు అరబ్బుల ఇళ్ళలో ఉన్నా పెళ్ళిరోజుల్లో నేనుండేది వంటగదిలోనే. ఆ డప్పులు గోడ అవతలినుంచి వినడమే తప్ప చూసింది లేదు.

ఆ సాయంత్రం దొరగారు అన్నం ముట్టలేదు. పళ్ళెం తీయబోతూ, "ఏమైందండీ? పెళ్ళికి పిలిస్తే సంతోషించాలిగా" అన్నాను. పళ్ళెం నా వైపు జరిపి మెల్లగా మొదలుపెట్టారు.

"ఒకప్పుడు కొండల మధ్య నా తొడలో గుండు దిగింది. అతను నన్ను వీపు మీద వేసుకుని మోసుకొచ్చాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకే అతని పెళ్ళి. అయ్యాలాలో నా పక్కన నిలబడు అన్నాడు. సరే అన్నాను. మా పై అధికారి కూడా ఆ పెళ్ళికి వచ్చాడు. సిపాయిల మధ్య నిలబడి ఊగడం అధికారికి తగదు, అందులోనూ నువ్వు ఎవరి కొడుకువో మర్చిపోకు అన్నాడు. నాకు కుర్చీ వేశారు. కూర్చున్నాను."

"తర్వాత?"

"అతను ఎవరినీ ఆ చోట్లోకి రానివ్వలేదు. డప్పులు ఆగేదాకా వరసలో అతని పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ అలాగే ఉంది. నేను దాన్ని కుర్చీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్ళలో అతను ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఇప్పుడు మళ్ళీ పిలిచాడు. నేను మళ్ళీ కుర్చీలోనే ఉన్నాను."

నాకు కళ్ళు చెమర్చాయి. నాకు ఏడుపొస్తే ముందు కోపం వస్తుంది. "అయితే ఇలా తిండి మానేసి కూర్చుంటే కాళ్ళొస్తాయా? ముందు తినండి" అని పళ్ళెం మళ్ళీ ఆయన ముందుకు తోశాను. తిన్నారు.

తర్వాత రెండు రోజులకు చపాతీలు వత్తుతున్నాను. నోట్లో ఏదో కూనిరాగం, చేతిలోని గరిటెతో చపాతీకర్ర మీద దరువు. చిన్నప్పుడు మా వీధిలో ఆడిన కోలాటం దరువది. చేతులకు గుర్తుంది గాని నేను మర్చేపోయాను. వెనక్కి తిరిగితే గుమ్మంలో దొరగారు, వాకర్ పట్టుకుని.

"ఏమిటా డప్పు?"

"కోలాటమండి. మా వైపు ఆడవాళ్ళం చేతికో కర్ర పట్టుకుని ఆడతాం."

"అయ్యాలాలో కూడా కర్రలే."

"మరింకేం? కొట్టండి" అని చపాతీకర్ర ఆయనకిచ్చి, గరిటె అడ్డం పెట్టాను.

కుడిచేయి వాకర్ మీంచి లేచింది. టక్. బాగుంది. "కోలాటానికి రెండు కర్రలుండాలండి" అని ఎడమచేతికి కవ్వం అందించాను. ఆయన నా మొహం చూశారు. కవ్వం చూశారు. ఎడమచేయి కూడా లేచింది. టక్. రెండు చేతులూ గాల్లో ఉన్నాయి, దొరగారు తన కాళ్ళ మీద తాను నిలబడి ఉన్నారు. ఆ సంగతి ఆయనకు తెలియకూడదని నేను నోరు మూసుకున్నాను. నా జీవితంలో అది చాలా అరుదుగా జరిగే పని.

మలయాళీ అమ్మాయికి చూపిస్తే ఎగిరి గంతేసింది. "దీదీ, నేను చెప్పిన వ్యాయామం ఇదే! కుడివైపు కొట్టినప్పుడు కుడికాలి మీద బరువు, ఎడమవైపు కొట్టినప్పుడు ఎడమకాలి మీద. ఇదే చేయించు. వెనక ఎవరైనా పట్టుకోవడానికి ఉండాలి, నేల తడి ఉండకూడదు, అలిసిపోతే ఆపేయాలి" అని జాగ్రత్తలన్నీ చెప్పింది. తనే దగ్గరుండి అడుగులు సరిచేసింది. వెనక కాపలాకు కడప తమ్ముడు. కర్రలు కూడా వాడే తెచ్చాడు. ఎక్కడివిరా అంటే చెప్పడు. తర్వాత ఒకరోజు చెవిలో అన్నాడు, "అక్కా, తుడిచే మాప్ కర్ర యాడికి పాయెనని మేడమ్ అడగతాంది. నాకేం తెల్వదని చెప్పినా. నువ్వు గూడా అట్లే చెప్పు."

పగలు మేడమ్‌గారు ఆఫీసుకు వెళ్ళగానే హాల్లో సోఫాలు గోడవారకు జరిపేవాళ్ళం. కోలాటంలో ఒక్కో ఆట తీరును కోపు అంటాం. మొదటి కోపు నిలబడి కొట్టడం, రెండోది ఒక అడుగు ముందుకు, మూడోది పక్కకు. ఎనభై దాటిన దొరగారికి కోపులు నేర్పుతుంటే నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. తప్పు కొడితే ఊరుకునేదాన్ని కాదు. "మీరు సిపాయిలను ఇలాగే నడిపించారా?" అంటే పళ్ళు బిగించి మళ్ళీ మొదటినుంచి ఎత్తుకునేవారు. పెరేడ్ ఇప్పుడు నా చేతుల్లోకి వచ్చింది.

అంతా సవ్యంగా సాగుతుంటే ఒకరోజు మేడమ్‌గారు మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశారు. తలుపు తీసేసరికి హాలు మధ్యలో ఆమె తండ్రి, వాకర్ ఎక్కడో మూలన, ఎదురుగా నేను కొంగు దోపుకుని, వెనక డ్రైవరు, అందరి చేతుల్లో మాప్ కర్ర ముక్కలు. ఆమె కెవ్వున కేక వేశారు. ఆ కేకకు దొరగారు తూలారు. తమ్ముడు నడుం పట్టేశాడు కాబట్టి సరిపోయింది.

ఆమె నా వైపు తిరిగారు. "పడితే ఎవరు జవాబు చెబుతారు? ఇంకోసారి ఎముక విరిగితే ఆయన బతకరని డాక్టరు చెప్పాడు, నీకు తెలుసా? నీ సామాను సర్దుకో. రేపటినుంచి వద్దు."

తప్పు ఆమెది కాదు. తండ్రి మీద ప్రాణం పెట్టుకున్న పిల్ల. అయినా నా నోరు ఊరుకోదు కదా. వచ్చీరాని ఇంగ్లీషులో అన్నాను, "సర్దుకుంటానమ్మా. వెళ్ళేముందు ఒక్కటి అడగండి మీ నాన్నగారిని. ఆ పెళ్ళికి ఎందుకు వెళ్ళాలో."

ఆమెకు పెళ్ళి పిలుపు తెలుసు, దాని వెనక కథ తెలియదు. దొరగారు నాకు చెప్పిన సంగతి కన్నకూతురికి చెప్పలేదు. ఆ కోటల్లో పుట్టినవాళ్ళు అంతేనేమో, మనసులో మాట బయటివాళ్ళకే చెప్పుకుంటారు. ఇప్పుడు చెప్పారు. ఇంగ్లీషులో చెబుతున్నా నాకు ఎక్కడికక్కడ తెలుస్తూనే ఉంది. ఇదిగో గుండు దిగింది, ఇదిగో పెళ్ళి, ఇదిగో కుర్చీ. వరసలో ఖాళీ దగ్గరికి వచ్చేసరికి ఆయన రెండు అరచేతులూ ఎడంగా పెట్టి ఎంత ఖాళీయో చూపించారు. మేడమ్‌గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

కథ అయ్యాక ఆమె ఆయన్ని పాదాలదాకా చూసి, "నాన్నా, మీరు ఇంతసేపూ నిలబడే ఉన్నారు" అన్నారు.

"నేను చెబుతున్నది అదే" అన్నారు దొరగారు.

ఆమె వచ్చి తండ్రిని కావలించుకుని ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను, ఈసారి కోపం రాకుండానే. తర్వాత కళ్ళు తుడుచుకుని షరతులు పెట్టారు. మలయాళీ అమ్మాయి సరే అనాలి. చక్రాల కుర్చీ కారులో ఉండాలి. నేను కూడా వెంట వెళ్ళాలి. "ఇంకో కొత్త మాప్ కూడా తేవాలి" అని డ్రైవరు వైపు చూశారు. వాడు నేల చూపులు చూశాడు.

చలికాలం వచ్చింది. పెళ్ళిరోజు మధ్యాహ్నం దొరగారు గదిలోంచి బయటికి వచ్చేసరికి తమ్ముడు నోరు వెళ్ళబెట్టాడు. మోకాళ్ళదాకా గళ్ళ ఉన్నిగుడ్డ, మీద నల్లకోటు, గుండెల మీద పతకాలు.

"అక్కా, దొర లంగా కట్టుకోని వచ్చె!"

"నోర్ముయ్. వాళ్ళ తాతముత్తాతల బట్ట అది" అని గదమాయించి వెనక కుచ్చిళ్ళు నేనే సర్దాను. ఏళ్ళ తరబడి చీర కుచ్చిళ్ళు పెట్టిన చేతులకు అదేం పని.

ఎడారి అంచున ఉన్న ఊరు. ఇసుక మీద తివాచీలు పరిచి, చుట్టూ దీపాల తోరణాలు కట్టారు. ఎండ చల్లబడుతోంది. ఆడవాళ్ళ పందిరి అటువైపు ఉంది, మేడమ్‌గారు అందులోకి వెళ్ళారు, నన్నూ రమ్మని పిలిచారు. నేను పోలేదు. మగవాళ్ళ ఆవరణకు అవతల మా కారు దగ్గరే నిలబడ్డాను, అక్కడినుంచి అంతా కనిపిస్తుంది. దొరగారు వాకర్ సాయంతో తివాచీ అంచుదాకా వెళ్ళి, దాన్ని తమ్ముడి చేతికిచ్చేశారు. వాడు దాన్ని తెచ్చి నా పక్కన పెట్టాడు.

అప్పుడు చూశాను ఆ కుర్చీని. అన్నిటికంటే ముందు, ఎర్ర మఖమల్, బంగారు రంగు కాళ్ళు. పెళ్ళికొడుకు తండ్రి ప్రేమగా వేయించిన కుర్చీ అది. ముసలి అతిథి కదా, అందులోనూ కల్నల్. "తఫద్దల్, తఫద్దల్", దయచేయండి దయచేయండి అంటూ నలుగురు కుర్రాళ్ళు చెయ్యి చూపిస్తున్నారు. దొరగారు కుర్చీ ముందు ఆగారు. అంత మర్యాదగా అడిగితే కాదనడం ఆ మనిషికి రాదు. వెనకటికి కూడా అలాగే కదా కూర్చున్నారు.

"కూర్చోకండి బాబూ, కూర్చోకండి" అని నేను తెలుగులో గొణుగుతూనే ఉన్నాను.

వరసలు అప్పటికే కట్టారు. ఒక వరస మధ్యలో ఆ ముసలి సిపాయి, పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఆయన పిలవలేదు, చెయ్యి ఊపలేదు. ఊరికే నిలబడ్డారు.

దొరగారు కుర్చీ వీపు మీద చెయ్యి వేసి ఒకసారి తట్టారు. దాన్ని చుట్టి నడుచుకుంటూ వెళ్ళి ఆ ఖాళీలో నిలబడ్డారు. సిపాయి తన చేతిలోని వెదురుకర్ర ఆయనకిచ్చి, తను ఇంకోటి తీసుకున్నారు. డప్పులు మొదలయ్యాయి.

అబ్బ, ఆ డప్పులు! అన్నేళ్ళు గోడ అవతలినుంచి విన్నవాటిని ఆ రోజు కళ్ళతో చూశాను. తలలన్నీ ఒకేసారి వంగుతున్నాయి, కర్రలన్నీ ఒకేసారి లేస్తున్నాయి. తెల్లటి కందూరాల మధ్య గళ్ళ గుడ్డ కట్టిన దొరగారు. కుడికాలి మీద బరువు, ఎడమకాలి మీద బరువు. "బరువు మార్చండి, ఆఁ, అద్దీ" అంటూ కారు దగ్గర నేను కూడా ఊగుతున్నాను.

అప్పుడు జరిగింది ఆ ఘోరం. డప్పు దరువు ఒకచోట గట్టిగా మోగింది. అచ్చం మా మూడో కోపు దరువే. దొరగారు ఒంటిని పక్కకు తిప్పి, కర్ర లేపి, పక్కనున్న ముసలి సిపాయి కర్ర మీద టక్కుమని కొట్టారు.

అయ్యాలాలో కర్రకు కర్ర తగలదు. ఎవరి కర్ర వాళ్ళ చేతిలోనే ఊగాలి. ఆ సంగతి నాకు ఆ క్షణంలో, ఆ చప్పుడుతో పాటే తెలిసింది. దొరగారికి తెలుసు పాపం, కానీ చూసింది కుర్చీలోంచి, అదీ ఏనాడో. ఆయన చేతులకు వచ్చింది నా కోలాటమే.

పాట తడబడింది. నాలుగైదు తలలు తిరిగాయి. డప్పువాడు దరువు మర్చిపోయి చూస్తున్నాడు.

"అయిపాయె అక్కా" అన్నాడు తమ్ముడు.

"కొంప ముంచాన్రా" అన్నాను.

దొరగారి మొహం ఎర్రబడింది. ముసలి సిపాయి తన కర్ర వంక చూసుకున్నారు. దొరగారి వంక చూశారు. ఒక్కసారిగా తల వెనక్కి వాల్చి నవ్వారు. ఆ నవ్వు కారుదాకా వినిపించింది. తర్వాత తన కర్ర ఎత్తి, మోకాళ్ళ నొప్పి కూడా మర్చిపోయి, దొరగారి కర్ర మీద టక్కుమని తిరిగి కొట్టారు.

ఇక చూడండి! డప్పులు రెట్టింపు హోరుతో అందుకున్నాయి. వరసలు మామూలుగానే ఊగుతున్నాయి, ఆ గట్టి దరువు వచ్చినప్పుడల్లా మధ్యలో ఆ ఇద్దరు ముసలాళ్ళు మాత్రం ఇటు తిరిగి టక్, అటు తిరిగి టక్. కుర్రాళ్ళు ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. తమ్ముడు కారు మీద దరువేస్తూ "యల్లా దొరా, యల్లా!" అని అరుస్తున్నాడు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. డప్పులు ఆగేదాకా దొరగారు నిలబడ్డారమ్మా. ఒక్కసారి తూలలేదు, ఒక్కసారి ఎవరి భుజమూ పట్టుకోలేదు. నా పక్కన వాకరూ, కారు డిక్కీలో చక్రాల కుర్చీ, రెండూ పనికిరాకుండా పడి ఉన్నాయి.

తర్వాత ఆయన స్కాట్లండ్ వెళ్ళిపోయారు, నేను మన ఊరు వచ్చేశాను. ఇప్పటికీ ఫోన్ చేసి, "దళం ఎలా ఉంది?" అని అడుగుతారు. ఆ పైకప్పు ఇంకా కారుతూనే ఉందట, కానీ బకెట్లు స్వయంగా ఆయనే జరుపుతున్నారట. "ఆ రోజు నా బుర్ర అయ్యాలా చేసింది, నా చేతులు నీ మాట విన్నాయి" అని ఇప్పటికీ నన్ను ఏడిపిస్తారు.

ఇక ఏజెంటు చెప్పని సంగతి. మనం ఆ ఇళ్ళలో కూర్చోం. వండుతూ నిలబడతాం, వడ్డిస్తూ నిలబడతాం, పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే గుమ్మం పక్కన నిలబడతాం. ఎవరూ కూర్చోవద్దని చెప్పరు, మనకే తెలిసిపోతుంది. నేనూ అలాగే జీవితం గడిపాను.

ఆ సాయంత్రం డప్పులు ఆగిన కాసేపటికి ఇద్దరు కుర్రాళ్ళు ఆ ఎర్ర మఖమల్ కుర్చీని చెరోవైపూ పట్టుకుని, ఇసుకలో నడుచుకుంటూ మా కారు వైపు వస్తున్నారు. దొరగారు అలిసిపోయారేమో, ఇక్కడ కూర్చుంటారేమో అనుకున్నాను. కుర్చీని తెచ్చి నా వెనక వేశారు.

"ఎవరికి?" అన్నాను.

"మీకే ఖాలా. కల్నల్ పంపించారు. అది ఆయన కుర్చీనట, ఆయనకు అక్కర్లేదట. వచ్చినప్పటినుంచి నిలబడి ఉన్న మనిషికి వేయమన్నారు" అన్నాడొక కుర్రాడు.

అటు చూశాను. తివాచీ మీద దొరగారూ, ముసలి సిపాయీ, పక్కపక్కనే నిలబడి నా వైపే చూస్తున్నారు. నేను కూర్చుంటే గాని కదిలేలా లేరు.

"కూర్చో అక్కా, ఏం చూస్తాండావు" అన్నాడు తమ్ముడు.

కూర్చున్నాను. అంతమంది మగవాళ్ళు చూస్తుండగా, ఆ బంగారు కాళ్ళ కుర్చీలో కూర్చున్నాను. కాలు మీద కాలు వేసుకున్నావా పెద్దమ్మా అని మా చెల్లెలి కూతురు అడుగుతుంది. వేసుకోకపోతే ఎలాగే? వేసుకునే కూర్చున్నాను.